రాత్రి సంగతేంటి?

గుడ్ల పెట్టె కడిగి ఆరబెట్టాలి. షెడ్డు కప్పు మీది పాత టైర్లు దించాలి. సోలార్ పలకలు అమ్మే ముగ్గురినీ పిలిపించాలి. ఎవరో ఒకరికి సరేననాలి. ఆ వారం ఆ ఇంట్లో తెమలవలసిన పనులివి. మొదటి రెండూ అక్క చేసింది. మిగతావి తమ్ముడు నెత్తిన వేసుకున్నాడు. ఇంట్లో చదువుకున్నవాడు అతనొక్కడే.

అక్క కోడిగుడ్లు పొదిగే పెట్టె నడుపుతుంది. కరెంటు పోతే పెట్టె చల్లబడుతుంది. లోపలి పిల్లలు లోకం చూడకుండానే పోతాయి. అందుకే సూర్యుణ్ణి నమ్ముకుందామనుకున్నారు.

మొదటివాడు నల్ల పలక చూపించాడు. "మోనో అంటారండీ. కాస్త చోటులోనే ఎక్కువ కరెంటు."

రెండోవాడిది నీలి పలక. "పాలీ. ధర తక్కువ, చోటు కొంచెం ఎక్కువ."

మూడోవాడు చాపలా చుట్టి తెచ్చాడు. "పల్చటి పొర. రేకుల మీద బరువుండదు, ఎండ మండినా అంతగా నీరసపడదు. కాకపోతే కప్పంతా పరవాలి."

బావ తల పట్టుకున్నాడు. "పెళ్ళిచూపుల్లో కూడా ఇంత తికమకపడలేదురా!"

"అప్పుడే పడుంటే నేను బతికిపోయేదాన్ని," అంది అక్క. నవ్వులయ్యాక మెల్లగా అడిగింది. "అది సరే తమ్ముడూ, రాత్రి సంగతేంటి?"

"ముందు పలక తేలనీ అక్కా. నీకు తెలీదులే, ఊరుకో."

ఆమె పెట్టె దగ్గరికి వెళ్ళిపోయింది. రోజుకొకటి గొప్పదనిపించి, చివరికి మోనో తేలింది. బ్యాటరీ తర్వాత చూద్దామన్నారు. ఎండ ఉన్నంతసేపూ పెట్టె హాయిగా నడిచింది.

ఒకరోజు తెల్లవారాక అక్క మూత తీస్తే గుడ్లు చల్లగా తగిలాయి. రాత్రి కరెంటు పోయింది.

తమ్ముడు కప్పెక్కాడు. పలకలు లేత ఎండలో తళతళలాడుతున్నాయి. "వీటిలో లోపమేమీ లేదే!" అనుకుంటూ వైర్లన్నీ తడిమాడు. పాలీ కొనాల్సిందా? పొర పరవాల్సిందా? ఏదైనా సూర్యుడు దిగాక ఒక్కటేనని తట్టేసరికి అక్కడే చతికిలబడ్డాడు. ఆ మాట ఇంట్లో ఒకరు ముందే అడిగారు.

కిందికి వచ్చేసరికి అక్క ఒక్కో గుడ్డునూ బల్బుకు అడ్డం పెట్టి చూస్తోంది.

"ఏదైనా కదిలిందా అక్కా?"

"చూస్తున్నా. మాట్లాడకు."

"ఏ పలక మంచిదని అందరినీ అడిగాను," అన్నాడతను. "నీకు కరెంటు ఏ వేళ కావాలో మాత్రం నిన్నడగలేదు."

పాఠకులారా, మూడింటిలో ఏది మేలో అందరికీ కలిపి చెప్పడం నాకూ చేతకాలేదు. అది కప్పును బట్టి, చోటును బట్టి, అవసరాన్ని బట్టి ఉంటుంది. ఆ అవసరం తెలిసింది పనిచేసే మనిషికే. మీ ఇంట్లో ఇలాంటి చర్చ మొదలై, మూలనుంచి ఎవరైనా ఒక ప్రశ్న వేస్తే, "నీకు తెలీదులే" అనబోయే ముందు, చల్లబడిన గుడ్డును చేతుల్లో పట్టుకుని వెలుతురులోకి చూస్తున్న ఆ అక్కను ఒక్కసారి గుర్తుచేసుకోండి.