ముప్పై నాలుగు చిరునామాలు

ఫరీదాబాద్‌లో ఏడో తరగతికి సివిక్స్ చెబుతాను. పౌరుడంటే ప్రశ్నించేవాడని బల్ల గుద్ది మరీ చెప్పాను. చెప్పడానికేం, నోరుంటే చాలు. బడి గేటు ముందు మురుగుకాలువకు మూత లేదు. దాని మీదే పిల్లలతో వార్డు ఆఫీసుకు ఫిర్యాదు రాయించాను. పేరూ చిరునామా లేకపోతే చెత్తబుట్టలో వేస్తారన్నాను. ముప్పై నలుగురూ ఫ్లాటు నంబరుతో సహా ముచ్చటగా రాశారు.

ఆఫీసువాళ్లు దాని మీద ‘తగు చర్య నిమిత్తం’ అని ముద్ర కొట్టి, ఆ కాలువ కట్టిన కాంట్రాక్టరుకే పంపారు. ఫిర్యాదు ఎవరి మీదో వాళ్లకే చేరుతుందన్న సంగతి పాఠంలో లేదు. నా బుర్రకూ తట్టలేదు.

పదిహేనో రోజున ఆ కాంట్రాక్టరు ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని ఉన్నాడు. చేతిలో మా కాగితాలు.

“తేజశ్రీ. మూడో అంతస్తు,” అని చదివాడు. “ట్యూషన్‌కు ఒక్కతే వెళ్తుందా, మేడమ్‌జీ? రోజులు బాగాలేవు.”

నేను ప్రిన్సిపాల్ వైపు చూశాను. వారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ‘పొరపాటున రాశాం, వెనక్కి తీసుకుంటున్నాం’ అన్న కాగితం ఒకటి పైన పెట్టి, కాంట్రాక్టరు ఆ కట్టంతా నాకిచ్చాడు. మధ్యాహ్నంలోగా అందరి సంతకాలూ కావాలట.

క్లాసులో ఆ కాగితం చదివి, అందరూ సంతకం పెట్టాలన్నాను. ముందు బెంచీలో తేజశ్రీ, మన తెలుగుపిల్లే, లేచి నిలబడింది.

“మేడమ్, మూత పెట్టేశారా?”

“లేదమ్మా.”

“మరి సైన్ క్యోఁ? ఎందుకు పెట్టాలి?”

నేను కట్ట బల్ల మీద పెట్టాను. తను అందులోంచి మా పాత ఫిర్యాదు తీసి తిరగేసింది. “ఇందులో అందరి అడ్రసూ ఉంది. మీది లేదు మేడమ్.”

నిజమే. కింద ‘క్లాస్ టీచర్’ అని గీకి వదిలేశాను. అద్దెగదిలో ఒంటరిగా ఉంటాను కదా, నాకెందుకు వచ్చిన గొడవ అనుకున్నాను. ఆ భయం నాకు మొదటిరోజే ఉంది. పిల్లలకు మాత్రం చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయనిచ్చిన కాగితం మడిచి పక్కన పెట్టాను. తెల్లకాగితం తీసి రాశాను: ‘పిల్లలచేత రాయించింది నేను. వాళ్ల పేర్లు తీసేయండి. ఈ ఫిర్యాదు నా ఒక్కదానిది.’ కింద ప్రవల్లిక అని సంతకం పెట్టాను. గది నంబరు దగ్గర మూడుసార్లు కొట్టేసి రాశాను. కలం మూయబోయాను.

“మేడమ్, పిన్‌కోడ్,” అంది తేజశ్రీ.