పై పూత మందు

గాసికి సైకిలు కావలసింది కొండెక్కడానికి కాదు, కొండ దిగిపోకుండా ఉండడానికి.

మన్యంలో ఫితూరీ చల్లారిన తరవాతి రోజులవి. సాలూరు నుంచి ఘాటీ ఎక్కి సుంకి దాకా టపా మోసే ఉద్యోగం ఖాళీ అయింది. సొంత సైకిలు ఉన్నవాడికే ఆ పని ఇమ్మని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఆ ఘాటీలో చాలాచోట్ల సైకిలు మనిషిని మోయదు, మనిషే సైకిల్ని మోయాలి. ఆ సంగతి పైవాళ్లకి చెప్పేవాడు లేడు, చెప్పినా వినేవాడు లేడు. గాసికి కాళ్లున్నాయి, ఊపిరుంది, దారి తెలుసు. సైకిలొక్కటే లేదు.

ఇంకోపక్క తేయాకు తోటల సర్దారు అస్సాంకి మనుషుల్ని పోగేస్తూ ఊరూరా ఎర్ర కంబళ్లు పంచుతున్నాడు. కంబళి పుచ్చుకున్నవాడు పిలిచిన రోజున బండెక్కాలి, లేదా కంబళి తిరిగిచ్చెయ్యాలి. ఆ ఏడు చోళ్లు సరిగా పండలేదు. గాసి కంబళి పుచ్చుకున్నాడు. అలా వెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాడు ఆ చుట్టుపక్కల ఎవరికీ గుర్తు లేడు. కంబళి ఇంటికొచ్చిన నాటినుంచి అతని పెళ్లాం కనక మాట్లాడడం మానేసింది. అంబలి గిన్నె మాత్రం మునుపటికంటే చప్పుడయ్యేలా పెట్టేది.

అలాంటప్పుడు సాలూరులో సైకిళ్ల షాపు వరహాలరావు పందెం వేశాడు. ఊళ్లో బయల్దేరి ఘాటీ ఎక్కి సుంకి సంతకి ముందు చేరినవాడికి కొత్త సైకిలు. కొండ మీద సైకిలెక్కిన మనిషిని జనం కళ్లారా చూస్తే షాపు ముందు బారులు తీరతారని ఆయన ఆశ. బహుమానం ఇవ్వాలంటే చేతులు రావాలి కదా, అందుకని సర్కసు మానేసి ఖాళీగా ఉన్న గోపాలకృష్ణని విజయనగరం నుంచి జీతానికి పిలిపించుకున్నాడు. సైకిలు తొక్కడమే అతని వృత్తి. అతను గెలుస్తాడు, సైకిలు తిరిగి షాపుకొస్తుంది, పేరు మిగుల్తుంది. పందెమన్నాక ఓడిపోయేవాళ్లు కూడా కావాలి గనక ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లని, కొండ తరఫున గాసిని చేర్చుకున్నాడు. గాసి రేంజరుగారి సైకిల్ని భుజాన పెట్టుకుని ఘాటీ ఎక్కించేవాడు. రేంజరుగారు చూడని చోట కొంత తొక్కేవాడు కూడా. చదువంతా అంతే.

ముహూర్తం పెట్టింది సాలూరు పురోహితుడు. చైత్రంలో దివ్యమైన రోజు దొరికిందన్నాడు. కొండ మీదివాళ్లని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేవాళ్లు. చైత్రంలో ఇటుకల పండగ. పండగ రోజుల్లో మగవాడన్నవాడు ప్రతివాడూ వేటకి పోవాలి. ఆడవాళ్లు దారికడ్డంగా వెదురు బొంగు కట్టి వచ్చేపోయేవాళ్ల దగ్గర పండగ మామూలు వసూలు చేస్తారు. వేటతో తిరిగొచ్చినవాడికి కాళ్లు కడిగి పాట పాడతారు. ఉత్త చేతుల్తో వచ్చినవాడికి పేడ. అది మామూలు పేడ కాదు, పుట్టమన్నూ వేపాకూ పసుపూ కలిపి ముందురోజే కుండలో నానేసినది. అసలు వేటకే పోనివాడి సంగతి పెద్దలు ఏమీ చెప్పలేదు. అలాంటివాడు గాసి ఊళ్లో అంతకుముందు పుట్టలేదు.

ఇదంతా గాసికి తెలుసు. తెలిసే తెల్లవారుతుండగా ఇల్లు కదిలాడు. వరహాలరావు అతనికిచ్చింది సీటు చిరిగిపోయిన అద్దె సైకిలు. సీటు మీద మడిచి వేసుకోవడానికి మెత్తటిది ఇంట్లో ఆ కంబళి ఒక్కటే ఉంది, పట్టుకుపోయాడు. కనకతో చెప్పలేదు. చెప్పి ఓడిపోతే ఆమెకి ఒక దుఃఖం పోయి రెండు అవుతాయి. పందెం దారి ఘాటీ మధ్యలో అతని ఊరి మీదుగానే పోతుంది. ఎండెక్కేవేళకి ఆడవాళ్లు ఏటికి పోతారు, ఆ సందున ఊరు దాటేస్తే సరి అనుకున్నాడు. పండగనాడు ఆడవాళ్లు ఏటికి పోరు. అంత చిన్న సంగతి ఎలా మరిచిపోయాడో అతనికే తెలీదు.

పందెం మొదలైంది. ఊరి కుర్రాళ్లిద్దరూ మొదటి మలుపులోనే చింతచెట్టు కింద కూర్చుండిపోయారు. గోపాలకృష్ణ ఘాటీ మొదట్లో ఆగి, రేకు డబ్బీలోంచి నల్లమందు ఉండ తీసి నోట్లో వేసుకుని, పైన సోడా కలిపిన బ్రాందీ ఒక గుక్క పుచ్చుకున్నాడు. నల్లమందు సర్కారు లైసెన్సు దుకాణంలో కొన్నది, బ్రాందీ దాహానికి. అందుచేత అందులో తప్పు పట్టినవాడు లేడు. గాసి పొద్దున్న తాగిన అంబలితో వెనకాల, చాలా వెనకాల, తొక్కుకుంటూ వచ్చాడు.

తన ఊరి దగ్గర గాసికి వెదురు బొంగు కనబడింది. గోపాలకృష్ణ అప్పటికే అక్కడ ఇంకో ఉండ నోట్లో వేసుకుని, నాలుగు చిల్లర డబ్బులు విసిరేసి వెళ్లిపోయాడు. సైకిలు మీద వచ్చేవాడు మైదానంవాడే అయివుంటాడని గాసికి కూడా బొంగు ఎత్తారు. అతను తల దించుకుని కింద నుంచి దూరిపోయేవాడే. కనక కంబళిని గుర్తుపట్టింది.

మొదటి దెబ్బ వీపు మధ్యన పడింది. ఎవరి చెయ్యో వెనక్కి తిరగకుండానే తెలిసిపోయింది. ఆ తరవాత ఎవరివని చెప్పడం కష్టం, ఊరి ఆడవాళ్లందరివీ.

గాసి తొక్కాడు. ఆ ఘాటీలో రోడ్డు దొరలు వేసింది, తిరిగి తిరిగి పోతుంది. అడ్డదారి మేకలు వేసింది, నిటారుగా పోతుంది. ఆడవాళ్లు కుండలతో అడ్డదారి పట్టారు. అతను ఒక మలుపు తిరిగేసరికి పైన వాళ్లు, ఇంకో మలుపు తిరిగేసరికి మళ్లీ వాళ్లే. ముందు సోములమ్మ, ఊరిపెద్ద నాయుడి తల్లి, మనవలున్న మనిషి, చీర ఎగ్గట్టి మేకపిల్లలా ఎక్కుతోంది. ఆమె గురి చిన్నప్పటినుంచీ మంచిదే. దిగి తోసుకుంటూ పోవలసిన చోట కూడా గాసి దిగలేదు. దిగితే ఏమవుతుందో అతనికి తెలుసు.

గోపాలకృష్ణ కల్వర్టు గోడ మీద కూర్చుని మైదానం అందం చూస్తున్నాడు. పక్కనుంచి ఏదో పోయింది. అది గాసి అని తెలుసుకుని లేచేసరికి రోడ్డు మీద దుమ్మే మిగిలింది. కుండలు ఖాళీ అయిన ఆడవాళ్లు అప్పటికే అడ్డదారిన వెనక్కి మళ్లారు. కనకొక్కతే మళ్లలేదు.

సుంకి సంతలో పందిరి కింద పందెం పెద్ద జగన్నాథరావు కూర్చుని ఉన్నాడు, పార్వతీపురంలో తాసిల్దారీ చేసి దిగినాయన. పక్కన వరహాలరావు, ఆయన పక్కన పూల దండలు కట్టిన కొత్త సైకిలు. గాసి వచ్చి పందిరి రాట పట్టుకుని నిలబడితే చప్పట్లు కొట్టినవాడు లేడు. వరహాలరావు మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనకాల గోపాలకృష్ణ వచ్చి, ఊపిరి తిప్పుకోకుండానే ఫిర్యాదు చేశాడు.

“మనిషి తొక్కే తొక్కుడు కాదండి అది. కళ్లు చూశాను. మందు మింగినవాడి కళ్లు.”

మందు మింగినవాళ్ల కళ్లు ఎలా ఉంటాయో అతనికి తెలియాలి కదా, అందరూ నమ్మారు. ఒంట్లోకి మందు పుచ్చుకున్నవాడు పందేనికి చెల్లడని వరహాలరావు అక్కడికక్కడే రూలు చెప్పాడు. అంతలో ఎవరో గాసి వీపు చూశారు. వీపు, మెడ, పిక్కలు, అంతటా ఆకుపచ్చగా నల్లగా ఏదో పూత, ఎండకి ఎండి పెచ్చులు కట్టింది.

“దిసారి పసరు,” అన్నాడు వరహాలరావు. దిసారి అంటే కొండ వైద్యుడు. “వీళ్ల దగ్గర ఇలాంటివి ఉంటాయి.”

సాలూరు మందుల షాపు కాంపౌండరు భీమన్న పందెం చూడ్డానికి వచ్చివున్నాడు. ఆయన్ని పిలిచారు. భీమన్న గాసి భుజం మీంచి ఒక పెచ్చు గోటితో తీసి, వాసన చూసి, నాలిక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. గాసి వద్దని చెప్పబోయాడు. అప్పటికే ఆలస్యమైంది.

“చేదు ఉంది. వగరు ఉంది. నరాలకి సత్తువిచ్చే మూలిక. మన దగ్గర దొరికేది కాదు,” అన్నాడు భీమన్న, ఇంకోసారి రుచి చూసి.

జగన్నాథరావు గాసి వైపు తిరిగాడు. “ఏంరా, మందు కాకపోతే అదేమిటో చెప్పు. చెప్పకపోతే సైకిలు రెండోవాడికి పోతుంది.”

గాసి సంత వైపు చూశాడు. వేట ముగించి అటునుంచి అటే సంతకి దిగిన తన ఊరి మగవాళ్లు ఎదురుగా ఉన్నారు. నాయుడు సోంబరు భుజాన దుప్పి ఉంది. పేడ దెబ్బలు తిన్నవాడి మీద ఊళ్లో పాట కడతారు, మళ్లీ చైత్రం దాకా పాడతారు. పెళ్లాం చేత తిన్నవాడి మీద కట్టిన పాట పిల్లలకి కూడా నేర్పుతారు. వాళ్లకి కొంచెం అవతల, చెట్టు కింద, తేయాకు సర్దారు బీడీ కాలుస్తూ తీరిగ్గా చూస్తున్నాడు.

సిగ్గుతో గాసి చెవులు కాలిపోతున్నాయి. అస్సాంలో తన మీద పాట కట్టేవాడు ఎవడూ ఉండడు అనుకున్నాడు.  కాని నవ్వులపాలవడానికైనా సొంత మనుషులుండాలి.

“పేడ బావూ,” అన్నాడు.

 అందరూ గాసిని వదిలేసి భీమన్నని చూశారు.

“పేడ కాదు,” అన్నాడు భీమన్న. “పేడ రుచి నాకు తెలీదా?”

దగ్గరున్నవాళ్లు ఆయనకి కొంచెం దూరం జరిగారు.

“పేడే బావూ,” అంది వెనకనుంచి ఒక ఆడగొంతు. కనక వచ్చింది. చంకలో ఖాళీ కుండ, కాళ్లకి ముళ్లు గీరిన నెత్తురు. “నానే కొట్టినాను. ఏటకి పోనోడికి కొడతాం, మా ఊరి రివాజు. కుండ సూడండి.”

సోంబరు నవ్వాడు. ఊరి మగవాళ్లందరూ నవ్వారు. ఒకడు అప్పుడే పాట మొదటి చరణం ఎత్తుకున్నాడు. గాసి నేల చూశాడు.

జగన్నాథరావు కుండలోకి చూసి వెంటనే తల వెనక్కి తీశాడు. ఆయన చాలా ఏళ్లు తీర్పులు చెప్పినవాడు. ఇది పేడ అంటే కాంపౌండరు పదిమందిలో పేడ తిన్నట్టు. ఈయన రేపు సాలూరులో మందులెలా కట్టిస్తాడు? మందు అంటే గెలిచినవాడి నోరు కొట్టినట్టు. ఆలోచిస్తూ గడ్డం గోక్కున్నాడు.

కనక గోపాలకృష్ణ వైపు చూస్తోంది. “ఈ బావు మా బొంగుకాడ డబ్బీలోది నల్లగా ఏటో నోట్లో ఏసుకున్నాడు. అదేటి?” అని అడిగింది. తెలుసుకుందామనే అడిగింది.

వరహాలరావు గొంతు సవరించుకున్నాడు. గోపాలకృష్ణ జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. డబ్బీ ఉన్న జేబు ఏదో అందరికీ తెలిసిపోయింది.

“అయితే వినండి,” అన్నాడు జగన్నాథరావు. “ఇది మందే. భీమన్న గారి మాటకి తిరుగు లేదు. కాని పై పూత మందు. రూలు ఒంట్లోకి పుచ్చుకున్న మందు గురించి. దాన్ని గట్టిగా పట్టుకుంటే చాలామంది జేబులు చూడవలసి వస్తుంది. ఏం వరహాలరావూ?”

“చూడక్కర్లేదండి,” అన్నాడు వరహాలరావు. దండలు తీసుకుని సైకిలు ఇచ్చాడు.

ఆ రోజు ఆ మందు ఒంట్లోకి పుచ్చుకున్నవాడు భీమన్న ఒక్కడే. ఆయన పందెంలో లేడు.

గాసి కంబళి దులిపి, మడిచి, సర్దారు ముందు పెట్టాడు. సర్దారు దాన్ని చేత్తో ముట్టుకోకుండా కర్రతో లాక్కున్నాడు.

అందరూ కలిసే ఊరికి దిగారు. సోంబరు దుప్పిని మోశాడు, గాసి సైకిల్ని మోశాడు, తక్కినవాళ్లు పాటలో మూడో చరణానికి వచ్చారు. ఊరి ముందు బొంగు ఇంకా అలాగే కట్టివుంది. వేటగాళ్ల కాళ్లు కడిగారు. గాసి వంతు రాగానే సోములమ్మ అడ్డం నిలబడింది.

“నీ ఏటేదిరా?”

గాసి సైకిల్ని భుజం మీంచి దించి ఆమె ముందు పెట్టాడు. సోములమ్మ చక్రం తడిమింది, చువ్వలు లెక్కపెట్టబోయి మానేసింది, సీటు నొక్కి చూసింది.

“ఎముకలే గాని కండ లేదు,” అంది. కాని తప్పుకుంది.

కనక చెంబుతో నీళ్లు తెచ్చి అతని కాళ్ల దగ్గర కూర్చుంది. పిక్కల మీద ఎండిపోయిన పూత వేళ్లతో నానబెట్టి ఒలుస్తోంది. నెలరోజులై ఆ చెయ్యి తన మీద పడలేదని అప్పుడు గుర్తొచ్చి గాసికి కళ్లు చెమర్చాయి. అది తెలియకుండా కోపం తెచ్చుకున్నాడు.

“కొడితే కొట్టినావు. అంత గట్టిగా కొట్టాలా?”

కనక తల ఎత్తలేదు.

“పొద్దున లేచి సూత్తే నువ్వు లేవు, కంబళి లేదు. అస్సాం పోనావనుకున్నాను,” అంది. “కొండ దిగి పోయినోడు కొండెక్కి వొత్తన్నాడు. సేతిలో అదే ఉంది. అదే ఇసిరినాను.”