పెళ్లికి వచ్చిన మిలిటరీ

ఎర్రగుంట్లలో మిలిటరీ దిగిన మర్నాడు, ఊళ్లో ఎవరిదో పెద్దింటి పెళ్లి ఉందని చెప్పమన్నాడు మునీంద్ర. చెప్పాను. నా ఉద్యోగమే అది. ఆయన ఏమంటే అది జర్మన్‌లో అనాలి.

మునీంద్ర మా సిమెంటు ఫ్యాక్టరీకి జనరల్ మేనేజరు. నేను దుబాసీని. పేరు శివలీల. మాది కోడుమూరు, మగ్గాల ఇల్లు. హైదరాబాదులో డిగ్రీ చదువుతూ జర్మన్ నేర్చుకున్నాను. జర్మనీ పోదామని నేర్చుకుంటే జర్మనీయే ఎర్రగుంట్లకు వచ్చింది. ఫ్యాక్టరీలో కొత్త కిల్న్, అంటే సిమెంటు రాయి కాల్చే పెద్ద బట్టీ, బిగించడానికి ఇద్దరు ఇంజనీర్లను పిలిపించారు. గిజెలాకు అరవై దగ్గర పడ్డాయి. ఆమెది అప్పటి తూర్పు జర్మనీ. చిన్నప్పుడు బడిలో రష్యన్ నేర్పారు గానీ ఇంగ్లీషు నేర్పలేదు. రైనర్ వయసులో చిన్నవాడు. హోటల్లో తిండి చెప్పుకునేంత ఇంగ్లీషు వచ్చు. కండలున్నాయి, వాటిని చూసుకోవడానికి గెస్ట్‌హౌస్‌లో నిలువుటద్దమూ ఉంది.

అవి ఎన్నికల రోజులు. పోలింగ్ నాడు ఈ పార్టీవాళ్లు ఆ పార్టీ ఏజెంటు తల పగలగొట్టారు. మర్నాడు ఆ పార్టీవాళ్లు ఈ పార్టీవాళ్ల జీపు తగలబెట్టారు. పగిలిన తల ఓ కూలివాడిది. కాలిన జీపు బాడుగది. ఏ నాయకుడికీ చొక్కా గుండీ కూడా ఊడలేదు. ఓట్ల లెక్కింపుకు ఇంకా రోజులున్నాయి, ఆలోపల ఊరు తగలబడకుండా కేంద్ర బలగాలను దించారు. మా ఊళ్లల్లో తుపాకీ ఉండి తెలుగు రాకపోతే వాళ్లంతా మిలిటరీయే.

సాయంత్రం పని అయ్యాక మేము ముగ్గురం స్టేషను దారిలో బసమ్మ టీ అంగడికి నడిచి పోయేవాళ్లం. ఆ రోజు గిజెలానే ముందు చూసింది. రోజూ కూడలిలో లాఠీ చంకలో పెట్టుకుని శెనక్కాయలు ఒలుచుకుని తినే కానిస్టేబులు లేడు. ఆయన చోట నలుగురు తుపాకులవాళ్లు నిలబడ్డారు. జూనియర్ కాలేజీ గేటు దగ్గర లారీలు ఆగి ఉన్నాయి. మర్నాడు ఫ్యాక్టరీలో ఆమె నేరుగా మునీంద్ర గదిలోకి పోయి అడిగింది, ఊళ్లోకి సైన్యం ఎందుకొచ్చిందని.

మునీంద్ర నా వైపు చూసి నవ్వాడు. "ఏం లేదు తల్లీ, ఏదో వీఐపీ పెళ్లి ఉండాది, దానికి బందోబస్తు అని చెప్పు. ఈళ్లు బెదిరి ఎల్లిపోతే కిల్న్ ఎవురు బిగిస్తారు, నీ మొగుడా?"

నాకు పెళ్లి కాలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. జర్మన్‌లో పెళ్లి అని మాత్రం చెప్పాను.

"లారీల్లోంచి మంచాలు దించుతున్నారు," అంది గిజెలా. "మైదానంలో మరుగుదొడ్లకు గుంతలు తవ్వుతున్నారు. తాళ్లు కట్టి చొక్కాలు ఆరేశారు. ఒక్క పూట పెళ్లికి వచ్చినవాళ్లు గుంతలు తవ్వుకోరు. మా ఊళ్లో రష్యన్ సైనికులుండేవాళ్లు. వాళ్లు కూడా మా మంచి కోసమే వచ్చామనేవాళ్లు. ఆ చొక్కాలు ఆరేసిన తీరు చూస్తే నాకు తెలుస్తుంది, వీళ్లు ఉండడానికే వచ్చారు."

నేను అది తెలుగులో చెప్పాను. మునీంద్ర మళ్లీ నవ్వాడు. "శానా పెద్ద పెళ్లి అని చెప్పు."

రైనర్‌కు ఇదంతా సరదాగా ఉంది. మంచి ఫోటోలు వస్తాయన్నాడు.

రెండు మూడు రోజుల్లోనే వాళ్లు ఊరంతా కవాతు చేశారు. ముందు జీపు, వెనక వరుసలు, బూట్ల చప్పుడు. అంగళ్లవాళ్లు లేచి నిలబడ్డారు. నాయకుల ఇళ్ల ముందు కవాతు నెమ్మదించింది, హరిజనవాడ సందుల్లో గట్టిగా సాగింది. కొళాయి దగ్గర గుమిగూడొద్దని ఆడవాళ్ల బిందెలు కాళ్లతో తన్నారు. గుమిగూడకుండా నీళ్లెట్లా పట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం మేము పోయేసరికి బసమ్మ పొయ్యి రోడ్డు మీద బోర్లపడి ఉంది. పాలు మట్టిలోకి ఇంకిపోయినాయి. నలుగురి కంటే ఎక్కువమంది నిలబడి టీ తాగుతున్నారని అంగడి మూయించారట.

"టీ యాడుంది పాపా, పోండి పోండి," అంది బసమ్మ గ్లాసులు ఏరుకుంటూ. తర్వాత గిజెలాను చూసి, "మీ గిజలమ్మకు చెప్పు, వీళ్లకు హిందీలో తిట్లు తప్ప ఇంకేం రావని. నేను తెలుగులో తిట్టినా. లెక్క సరిపోయింది."

గిజెలా వంగి గ్లాసులు ఏరసాగింది. తలెత్తకుండానే అడిగింది. "ఇది కూడా పెళ్లి పనేనా?"

"కాదు," అన్నాను. "పెళ్లి లేదు. ఎప్పుడూ లేదు." పోలింగ్ సంగతి, జీపు సంగతి, లెక్కింపు నాడు ఏమవుతుందోనని ఊరు వణుకుతున్న సంగతి అంతా చెప్పేశాను. రైనర్ ముఖంలో రంగు పోయింది. కండలు ఆ రంగును ఆపలేకపోయినాయి. అప్పటికప్పుడు నడిరోడ్డు మీద నిలబడి వాళ్ల ఎంబసీకి ఫోన్ చేశాడు. లెక్కింపుకు ముందే జిల్లా వదిలి పొమ్మన్నారు వాళ్లు.

మునీంద్రకు కోపం వచ్చింది గానీ ఎంబసీ పేరు వింటూనే చల్లబడ్డాడు. ఈసారి నవ్వలేదు. "కంపెనీ ఇన్నోవా పంపిస్తా. పొద్దున్నే బయల్దేరండి. నేను మాత్రం ఈడ్నే ఉంటా. నా మనుషులను ఇడ్సిపెట్టి నేను యాడికి పోతా?" అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ మాట కూడా అనువదించాను. చెయ్యి పెట్టుకోవడం వాళ్లే చూశారు.

తెల్లవారి పెట్టెలతో గెస్ట్‌హౌస్ మెట్ల మీద కూర్చున్నాం. ఇన్నోవా రాలేదు. మునీంద్ర ఫోన్ స్విచాఫ్. చివరికి వాచ్‌మన్ చెప్పాడు. తెల్లారకముందే సార్, మేడం, మేడం అమ్మగారు, వాళ్ల తెల్ల బొచ్చు కుక్క, అందరూ ఇన్నోవాలో బెంగుళూరు పోయినారట. "కుక్క ముందర సీట్లో కూచునింది మేడం," అన్నాడు. కుక్క కూర్చున్న చోటే గిజెలా కూర్చోవాల్సింది.

లోడింగ్ దగ్గర మద్దయ్య కనబడ్డాడు. చాలా కాలంగా మా ఫ్యాక్టరీ లారీ తోలే మనిషి. కర్నూలుకు సిమెంటు ఎక్కించుకుని బయల్దేరుతున్నాడు. సంగతి చెప్పాను.

"ఎక్కండి," అన్నాడు. "ముందర ముగ్గురు పడతారు. ఆ తెల్లాయన కొంచెం ముడుచుకోవల్ల."

జమ్మలమడుగు దాటాక రోడ్డుకు అడ్డంగా ముళ్లకంచె, డ్రమ్ములు. ఎండ అప్పటికే నిప్పులు చెరుగుతోంది. ఒక సైనికుడు వచ్చి మద్దయ్యను దిగమన్నాడు. యాడికి పోతున్నావు, ఏ పార్టీ, లారీలో ఏముంది అని హిందీలో అడిగాడు. మద్దయ్యకు అర్థమైంది ఒక్క పార్టీ అనే మాటే.

"నాది ఏ పార్టీ లేదు సామీ, సిమెంటు," అన్నాడు.

ఆ జవాబు ఎకసెక్కంగా తోచిందేమో, చెవులు పట్టుకుని గుంజీళ్లు తీయమన్నారు. యాభై దాటిన మనిషి, తారు కరిగే రోడ్డు మీద, గుంజీళ్లు మొదలుపెట్టాడు. నేను దిగి హిందీలో చెప్పబోయాను. "నువ్వు ఎక్కి కూర్చో," అన్నాడొకడు. నేను ఎక్కలేదు. మద్దయ్య పక్కన నిలబడ్డాను. అంతకంటే ఏం చేయాలో నాకు తెలియలేదు.

ఇంతలో వాళ్లకు క్యాబిన్‌లో తెల్లముఖాలు కనబడ్డాయి. అంతే, గొంతులు మారిపోయాయి. సార్, మేడం, వెల్కమ్. ఒకడు చల్లని నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. ఇంకొకడు సెల్ఫీ అడిగాడు. రైనర్ దిగి, తన ఫోన్ కూడా వాళ్లలో ఒకడికిచ్చి, సెల్ఫీ అడిగినవాడి భుజం మీద చెయ్యి వేసి, బొటనవేలు ఎత్తి పళ్లికిలించాడు. వాళ్ల వెనక మద్దయ్య లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు. ఆ సెల్ఫీ సైనికుడు నిజానికి నా కంటే చిన్నవాడు. పెదాలు ఎండకు పగిలి ఉన్నాయి. వాణ్ని ఎక్కడో లారీ ఎక్కించి ఇక్కడ మూటలాగా దించి ఉంటారు. అది తెలిసినా నాకు జాలి కలగలేదు.

గిజెలా సీసా మూత తీసింది. తను తాగలేదు. దిగి వచ్చి మద్దయ్య చేతికిచ్చింది. ఆయన చెవి వదిలి సీసా అందుకుంటే ఎవరూ ఏమనలేదు. మేడం ఇచ్చింది కదా. కంచె జరిపారు.

లారీ కదిలింది. రైనర్ ఫోన్‌లో ఫోటో చూసుకుంటున్నాడు. మద్దయ్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"ఆ తెల్లాయనకు ఒక మాట చెప్పు పాపా. నన్ను కూడా ఒకటి తీసి ఉంటే బాగుండు. గుంజీళ్లు తీస్తాన్నప్పుడు. మా ఇంట్లో నా ఫోటోలు శానా తక్కువ."

ఒక్క మాట పోకుండా జర్మన్‌లో చెప్పాను. రైనర్ మెడ దాకా ఎర్రబడ్డాడు. ఫోన్ జేబులో పెట్టి కిటికీలోంచి రాళ్ల గుట్టలు చూస్తూ కూర్చున్నాడు. కర్నూల్లో దిగగానే, మద్దయ్యకు చెయ్యి కూడా ఊపకుండా, కారు మాట్లాడుకుని హైదరాబాదు పోయాడు.

గిజెలా పోలేదు. "మంటకు సిద్ధమైన కిల్న్‌ను వదిలి నేను దేశం దాటను," అంది. లెక్కింపు అయ్యేదాకా ఇద్దరం కర్నూల్లో లాడ్జిలో ఉన్నాం. కొండారెడ్డి బురుజు దగ్గర కూడా అవే బూట్లు, అవే జీపులు. లెక్కింపు నాడు ఎర్రగుంట్లలో రెండు గడ్డివాములు, ఒక పాన్ అంగడి కాలినాయి. పేదోళ్లవి. గెలిచిన పార్టీ మారింది. అంతే.

మేము తిరిగి పోయేసరికి మునీంద్ర తన గదిలో ఉన్నాడు. గోడ మీద ఓడిపోయిన నాయకుడితో దిగిన ఫోటో ఉన్నచోట తెల్లటి చదరం మిగిలింది. "ఇన్నోవా రిపేరుకు పోయింటే నేనేం చేసేది తల్లీ," అన్నాడు. గిజెలాకు అనువదిస్తే, "కుక్క బాగుందా అని అడుగు," అంది. అడిగాను. ఆయన వినబడనట్టు ఫోన్ ఎత్తుకున్నాడు. రైనర్ కూడా తిరిగొచ్చాడు. ఆ ఫోటో మాట ఎవరూ ఎత్తకుండా చూసుకున్నాడు.

కిల్న్ వెలిగించే రోజు పెద్ద షామియానా వేశారు. కొత్తగా గెలిచినాయన వచ్చాడు. కార్మికులంతా ఎదురుగా కూర్చున్నారు. మునీంద్ర ఆయనకు గజమాల వేసి, మైకు పట్టుకున్నాడు.

"మన ఊర్లో ఏ గలాటా జరగల్యా. అంతా పత్రికలోళ్లు రాసిందే. ఆ రోజుల్లో నేను ఈ ఫ్యాక్టరీ గేటు దాటల్యా. మన జర్మనీ అతిథులను నా కళ్లలో పెట్టుకుని చూసుకున్నా." గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

గిజెలా చెవిలో చెప్పాను. ఆమె వెంటనే లేచి, మైకు అందుకుని, నాలుగే నాలుగు ముక్కలు మాట్లాడింది. తర్వాత మైకు నా చేతిలో పెట్టింది. షామియానా కింద ఆ మాటలు అర్థమైంది నాకూ రైనర్‌కే. రైనర్ తన బూట్లు చూసుకుంటున్నాడు. నేను "అందరికీ కృతజ్ఞతలు చెప్తున్నారు" అంటే సరిపోతుంది. మునీంద్ర కళ్లతో అదే చెప్తున్నాడు నాకు.

"మేడం ఏమంటాండాదంటే," అన్నాను, "ఈ కిల్న్ బాగా మండుతుందంట. అది నిజమంట. మీ మేనేజరు గేటు దాటలేదనేది మాత్రం అబద్ధమంట. మా కోసం పెట్టిన కారులో కుక్కను ఎక్కించుకుని బెంగుళూరుకు పారిపోయినాడంట. మమ్మల్ని తీసకపోయింది లారీ తోలే మద్దయ్య అంట."

వెనక వరుసలో ఎవరో కుక్కలాగా మొరిగారు. అంతే, షామియానా అంతా నవ్వులు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మునీంద్ర ముఖం సిమెంటు రంగుకు తిరిగింది.

నేను అప్పుడు గెలిచాననుకున్నాను. అందరికంటే ఎక్కువ నవ్వింది కొత్తగా గెలిచినాయన. కళ్లలో నీళ్లు తుడుచుకుని, మునీంద్ర భుజం మీద చెయ్యి వేసి, మైకు దగ్గరగా ఉందని కూడా చూసుకోకుండా అన్నాడు.

"పర్లేదులేప్పా. పారిపోయేటోడు చెప్పిన మాట ఇంటాడు. నువ్వు మనకు పనికొస్తావు."

మునీంద్ర చేతులు కట్టుకుని, ఆయనతో కలిసి నవ్వాడు.

మర్నాడు నా అవసరం లేదన్నారు. దుబాసీ లేకుండా పనిచేయనని గిజెలా రెండు రోజులు మొండికేసింది. మూడో రోజు, లోపల ఇటుక ఏదో తేడాగా ఉందని, ఫోన్‌లో అనువాదం పెట్టుకుని పోయింది. కిల్న్‌ను వదిలి ఉండలేదు ఆమె. నాకు కోపం రాలేదంటే అబద్ధం. అయినా బస్సు దాకా వచ్చి నా పెట్టె తనే పైకి ఎక్కించింది.

కోడుమూరులో మా అమ్మ భీమక్క మగ్గం గుంతలో కూర్చుని ఉంది. నన్ను, పెట్టెను చూసి చేతిలో నాడె ఆపింది.

"పని పోయిందా?"

"పోయింది."

"ఎవురు తీసేసిరి?"

"మునీంద్ర."

"నువ్వు ఫోన్లో చెప్తివే, ఆ కుక్కను కారెక్కిచ్చినాయప్పా? ఆయప్పకు పని ఉండాదా ఇంకా?"

"ఉండాది. జీతం కూడా పెంచుతారంట."

అమ్మ నోట్లో ఉన్న ఆకువక్క నమిలింది. లేచి గడప దాకా వచ్చి, వీధిలోకి బలంగా ఉమ్మింది. "కాళ్లు కడుక్కో. కొర్రన్నం ఉండాది," అని మళ్లీ మగ్గంలోకి దిగింది.