మూడో సెల్లారుకు అందని మాట

ఆ షాపింగు కాంప్లెక్సు కింద మూడు సెల్లార్లు, మూడూ పార్కింగే. పైన గేటు దగ్గర భార్య, అట్టడుగున భర్త. ఆమె వాకీటాకీలో బండి నంబరు చెబితే, అతను కింద చోటు చూసి పెట్టించాలి, అడిగినప్పుడు పైకి పంపాలి. కొత్త సెట్లు వచ్చినప్పటి నుంచీ ఈ పని సాగడం లేదు. ఆమె ఎంత గొంతు చించుకున్నా కింద నుంచి బుస్సుమనే చప్పుడే తప్ప ఉలుకూ పలుకూ లేదు.

అంతకుముందే ఇంట్లో ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. ఆ కోపమే ఇంకా సాధిస్తున్నాడని ఆమెకు అనుమానం.

"ఎనిమిది కిలోమీటర్లు పలుకుతుందని పెట్టె మీదే రాసుంది వదినా. మీ తమ్ముడు కావాలనే పలకడం లేదు" అంది, అక్కడే ఊడ్చే పని చేస్తున్న ఆడపడుచుతో.

"వాడికంత ఓపిక ఎక్కడిదే" అంది వదిన.

ఒక మధ్యాహ్నం మూడో సెల్లారులో పైపు పగిలింది. "నీళ్ళొచ్చేస్తున్నాయి, తోడే మోటారు వెయ్యి!" అని అతను సెట్టులో అరిచాడు. జవాబు లేదు. ర్యాంపు మలుపు దాకా పరుగెత్తి మళ్ళీ అరిచి, స్కూటర్లు తప్పించడానికి వెనక్కి వెళ్ళాడు.

పైన ఆమెకు వినపడింది ఒక్కటే ముక్క: "...నీళ్ళు..."

ఆమె మనసు కరిగింది. అలిగినా దాహమేస్తే నేనే గుర్తొచ్చాననుకుని, సీసా పట్టుకుని దిగింది. అతను మోకాలి లోతు నీళ్ళలో ఎవరిదో స్కూటరు నెడుతున్నాడు.

"ఏంటది?"

"నీళ్ళు అడిగావుగా!"

అతను సీసా వంక చూశాడు, చుట్టూ చూశాడు. "ఇక్కడ నీళ్ళకేం కరువొచ్చిందే? వెళ్ళి మోటారు వెయ్యి తల్లీ!"

ఆమె పరుగున పైకెళ్ళి వేసింది. నీళ్ళు తోడేసరికి సాయంత్రమైంది.

మర్నాడు సెట్లు అమ్మినతన్ని పిలిపించి ఆమె దులిపేసింది. అతను అన్నీ విని, "అమ్మా, ఎనిమిది కిలోమీటర్లంటే అడ్డమేమీ లేని మైదానంలో. ఇక్కడ మూడు స్లాబులు, వాటి నిండా ఇనుప చువ్వలు, వరసన కార్లు. మాట ఎటు నుంచి రావాలి?" అన్నాడు. తర్వాత భర్త వైపు తిరిగాడు. "నువ్వు దీన్ని నడుముకు తగిలించుకుని మాట్లాడుతున్నావు. సగం మాట నీ ఒళ్ళే మింగేస్తుంది. నోటి దగ్గర నిలువుగా పట్టుకో. ఛార్జింగు ఎప్పుడూ నిండుగా ఉంచు."

అలా చేస్తే మాట రెండో సెల్లారు దాకా వచ్చింది, ఆపైన రాలేదు. మాటను మధ్యలో అందుకుని మళ్ళీ పంపే యంత్రం ఒకటి బిగించాలన్నాడతను. తెప్పిస్తానని కాంప్లెక్సు యజమాని ఒప్పుకున్నాడు.

"అయితే నేను ఇన్నాళ్ళూ గోడల మీద కోపం మొగుడి మీద చూపించానన్నమాట" అని ఆమె నవ్వేసింది. ఆ పూట అతనికి అన్నం తనే కిందికి తీసుకెళ్ళింది.

యంత్రం వచ్చేదాకా రెండో సెల్లారు ర్యాంపు మీద వదినకు కుర్చీ వేసి, ఇంకో సెట్టు చేతికిచ్చారు. పై మాట కిందికి, కింది మాట పైకి ఆమె అందించాలి.

"తెల్ల కారు కోసం మనిషి ఎదురు చూస్తున్నాడు. మీ తమ్ముడు అక్కడే వేళ్ళు పాతుకుపోయాడేమో అడుగు వదినా!"

వదిన సెట్టు నొక్కింది. "నాయనా, తెల్ల కారట. నిదానంగా చూసుకుని పంపమంటోంది."

"అక్కా, అది అలా అనదు. అసలేమందో చెప్పు."

"అసలు మాట ఇంటికెళ్ళాక వింటావులే. ముందు కారు పంపు."