మీ అమ్మకి చెప్పు

పెరట్లోని యూకలిప్టస్ చెట్టు వెనకగది మీదికి వాలడం మొదలుపెట్టి చాలాకాలమైంది. దాని మొదలు చెదలు తినేశాయి. మొన్నటి గాలికి ఇంకాస్త ఒరిగింది. ఆ గదిలో పడుకునేది ఇల్లాలి తల్లి. అందుకే ఇల్లాలికి కంటిమీద కునుకు లేదు. ఆమె మొగుడికి మాత్రం చేతులు దురద పెడుతున్నాయి.

వీధిలో ఆయన్ని రిపేరుగారు అంటారు, గౌరవంతో మాత్రం కాదు. ఆయన చెయ్యి పడ్డాక కారే కుళాయి కారడం మానేసి ఏకంగా పారింది. అత్తగారి రేడియో విప్పి మళ్లీ బిగించాక బల్ల మీద కొన్ని మరలు మిగిలిపోయాయి. ఆ రోజు నుంచి రేడియో మాట్లాడలేదు, అత్తగారూ ఆయనతో మాట్లాడలేదు. ఆయనకీ పౌరుషం పొడుచుకొచ్చి ఆవిడతో మాటలు కట్టేశాడు. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, "మీ అమ్మకి చెప్పు, ఉప్పు ఇటు ఇమ్మని," అంటాడాయన. "మీ ఆయనకి చెప్పు, ఉప్పు ఆయన మోచేతి కిందే ఉందని," అంటుందావిడ. మధ్యలో ఇల్లాలు జీతం లేని పోస్టాఫీసు.

అలాంటి మనిషి ఒక సెలవురోజు కొత్త రంపం, అరువు తెచ్చిన నిచ్చెన పట్టుకుని పెరట్లోకి దిగాడు.

"చెట్టెక్కారో, నేను పుట్టింటికి పోతాను," అంది ఇల్లాలు.

"పుట్టిల్లే ఇక్కడికొచ్చి కూర్చుంది కదే! ఇంకెక్కడికి పోతావ్?"

నిచ్చెన ఆనించిన కొమ్మ ఆయన బరువుకి పుటుక్కున విరిగింది. ఆయన వెళ్లి పూలకుండీలో కూలబడ్డాడు. కుండీ పగిలింది, నడుము పట్టేసింది. పరువంటారా, అది పోవడానికి మిగిలి ఉంటేగా! మర్నాడే ఇల్లాలు ఆయన్ని అడక్కుండా, చెట్లు కొట్టడమే వృత్తిగా ఉన్నవాళ్లని పిలిపించింది.

వాళ్లు తాళ్లు, బెల్టులు, హెల్మెట్లు, మిషన్ రంపం వేసుకుని వచ్చారు. మేస్త్రి బండగొంతు ఆడమనిషి. చెట్టు చుట్టూ తిరిగి, మాను మీద సుత్తితో కొట్టి చూసి, "మొదలు దగ్గర నరికితే గది మీదే పడుతుంది. పైనుంచి ముక్కలు కోసి తాడుతో దింపుతాం," అంది. పెరటికి అడ్డంగా ఒక తాడు కట్టింది. "అందరూ దీనికి ఇవతలే ఉండాలి. మనిషి పైనున్నంతసేపూ కింద ఒకే గొంతు, అది నాది. సలహాలు వినిపించాయంటే మావాడు దిగి వచ్చేస్తాడు. ప్రమాదం కనిపిస్తే మాత్రం ఎవరైనా 'ఆగండి' అని ఒక్క అరుపు అరవండి. చాలు."

వెనకగదిలోంచి ముసలావిడ కదల్లేదు. "పిలవాల్సినవాళ్లు పిలిస్తే వస్తాను," అంది.

"బతకాలని ఉంటే రమ్మని చెప్పు మీ అమ్మకి," అన్నాడు రిపేరుగారు.

ఇల్లాలు లోపలికెళ్లి, "దయచేసి రమ్మంటున్నారమ్మా," అంది. ఆ పోస్టాఫీసులో ఉత్తరాలు ఎప్పుడూ ఇలాగే దిద్దుబాటై చేరేవి.

ముసలావిడ బయటికొచ్చి తాడుకి ఇవతల కుర్చీలో కూర్చున్నాక పని మొదలైంది. రంపం మోతకి పక్కింటి కిటికీలు కూడా వణికాయి. అందరి కళ్లూ పైనే ఉన్నాయి. ముసలావిడకి ఏదో గుర్తొచ్చి కుర్చీలోంచి లేచి, గోడవారగా నక్కుతూ తన గదిలోకి వెళ్లడం ఎవరూ చూడలేదు. పెద్దకొమ్మ తెగింది. రంపం ఆగింది. కొమ్మ తాడుకి వేలాడుతూ మెల్లగా తిరుగుతోంది. మేస్త్రి చూపంతా తాడు మీదే ఉంది.

వెనకగది తలుపు తెరుచుకుంది. తువ్వాలులో ఏదో చుట్టి గుండెకి హత్తుకుని, ముసలావిడ సరిగ్గా ఆ కొమ్మ కిందికే నడిచొస్తోంది.

ముందు చూసింది రిపేరుగారు. ఆయన పెళ్లాం భుజం పట్టుకుని కుదిపి, "మీ అమ్మకి చెప్పు!" అన్నాడు.

"ఏం చెప్పాలి?" అంది ఇల్లాలు అలవాటుగా.

"ఆగమని చెప్పవే!"

ఇల్లాలు తిరిగి చూసింది. ఇన్నాళ్లూ ఉప్పూ కారం దగ్గర్నుంచి అన్నీ మోసిన ఆ నోరు కొయ్యబారిపోయింది. పైన తాడు కిర్రుమంది.

"అత్తయ్యా! ఆగండి!"

ముసలావిడ టక్కున ఆగింది. భయంతో కాదు, ఆ గొంతు తననే పిలవడం విని నమ్మలేక ఆగింది. తాడు జారి, కొమ్మ ఆవిడకి బెత్తెడు ముందు దబ్బున నేలకి కొట్టుకుంది. ఆకులు ఆవిడ మొహాన్ని రాసుకుంటూ పోయాయి.

"ఒక్క అరుపు అరవమంటే మీ ఇంట్లో దానికి ఇద్దరు కావాలా!" అని మేస్త్రి విరుచుకుపడింది.

రిపేరుగారు పట్టేసిన నడుముతోనే కుంటుకుంటూ పరిగెత్తి, అత్తగారి చెయ్యి పట్టుకుని ఇవతలికి తీసుకొచ్చాడు. తువ్వాలు జారింది. లోపల రేడియో, దానికి దారంతో కట్టిన చిన్న పొట్లం ఉన్నాయి. పొట్లంలో ఆ మరలే ఉన్నాయి.

"దీన్ని ఇంకా దాచుకున్నారా?" అన్నాడాయన.

ఇల్లాలికి అప్పటికి నోరు తెరుచుకుంది. "అమ్మా, ఇంకా దాచుకున్నావా అని..."

"నాకు వినపడింది," అని తల్లి కసిరింది. అల్లుడి వైపు తిరిగింది. కళ్లలో నీళ్లున్నాయి. "చెట్టుకి పిలిచినట్టే దీనికీ పని తెలిసినవాణ్ణి పిలువు బాబూ. నీకు పుణ్యముంటుంది, నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు."

"నేనప్పుడు బాగానే బిగించానండీ. ఆ మరలే ఎక్కువైనవి..."

"ఎక్కువైనవా? కంపెనీవాడు నీకోసం కొసరు వేశాడా?"

"మాటలు ఆపుతారా, మమ్మల్ని పొమ్మంటారా?" అని మేస్త్రి అరిచింది. ఇద్దరూ నోళ్లు మూసుకుని గేటు బయటికి నడిచారు. అక్కడ నిలబడి ఒకరి మొహం మీద ఒకరు చేతులూపుకుంటూ, రేడియో గురించి మళ్లీ మొదటినుంచీ పోట్లాడుకున్నారు.

ఇల్లాలు రెండడుగులు అటు వేసి ఆగిపోయింది. అక్కడ ఆమె మోయాల్సిన మాట ఒక్కటీ లేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, అమ్మ ఖాళీ చేసిన కుర్చీలో హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుంది.