చేయి కలపని ఆట

నేను ఒక చెక్క టెన్నిస్ రాకెట్‌ని. నా ప్రెస్ పోయిన రోజు నుంచే నా కథ చెప్పాలి. అంతకు ముందు నాకు ఆట ఉండేది గానీ కథ లేదు.

ప్రెస్ అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు తెలియదు. నాలుగు చెక్కపట్టీల చట్రం, మూలమూలకీ ఒక రెక్కల నట్టు. ఆట కాగానే నా తలను అందులో పెట్టి నట్లు బిగించాలి. చెక్క గాలిలోని తేమ తాగుతుంది, తాగితే వంగుతుంది. కాకినాడ సముద్రపు గాలికి ఒక్క వానాకాలం చాలు.

దాన్ని పోగొట్టింది హైమ. అప్పటికి పదేళ్ళ పిల్ల. ఆకులు ఆరబెట్టి అట్టకు అంటించి తెమ్మని సైన్సు టీచరు చెబితే, ఆకులు చదునుగా నొక్కడానికి ఇంట్లో ఇంతకంటే మంచి సాధనం ఆ పిల్లకు కనిపించలేదు. మందార, గన్నేరు, బాదం ఆకులు పాత పేపర్ల మధ్య పరిచి, ప్రెస్‌లో బిగించి బడికి పట్టుకెళ్ళింది. ఆకులకు మంచి మార్కులు వచ్చాయి. ప్రెస్ తిరిగి రాలేదు.

"ఎక్కడ పెట్టావే?"

"క్లాసులోనే పెట్టాను నాన్నా. బెల్లు కొట్టాక చూస్తే లేదు."

హైమ తండ్రి పద్మనాభం గారు కూతురిని కొట్టలేదు. ఆయన మర్యాదస్తుడు. ఆ పిల్ల చదువుకునే బల్లకు ఎదురుగా గోడకు మేకు దిగ్గొట్టి నన్ను తగిలించారు. "రోజూ చూస్తూ ఉండు. నువ్వు చేసిన పనికి అది ఎలా వంగుతుందో చూడు" అన్నారు. కొత్త ప్రెస్ బజారులో దొరికేది. ఆయన కొనలేదు. తరవాతి వారం వానలు మొదలయ్యాయి.

తల్లి లేని పిల్ల. ఎక్కాలు చదువుతూ నన్ను చూసేది. నేను వంగుతూ ఆ పిల్లను చూసేదాన్ని.

నన్ను చేసింది జలంధర్‌లో. పల్చటి చెక్కపట్టీలను ఆవిరికి మెత్తబరిచి, వంచి, ఒకదాని మీద ఒకటి జిగురుతో అంటించారు. గొర్రెపేగు తీగలు బిగించారు. నాతోపాటే అదే చెక్కతో చేసిన నా తోబుట్టువును కూడా పద్మనాభం గారు కొన్నారు. పోర్టు ఆఫీసులో గుమాస్తా అయ్యుండి, మా ఇద్దరినీ చెరో ప్రెస్‌లో పెట్టి సైకిలు హ్యాండిలుకు కట్టుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటుతో రోజూ సాయంత్రం క్లబ్బుకు వెళ్ళేవారు. మాతో ఆయన జిల్లా చాంపియన్ అయ్యారు. వరసగా కొన్నేళ్ళు అయ్యారు. తరవాత కాలేదు. కాకపోవడానికి కారణం కాలమని ఆయన కనిపెట్టారు. మనుషులు ఓడిపోయాక కనిపెట్టే కారణాల్లో ఇది గౌరవంగా ఉంటుంది.

బీరువా తలుపు లోపలివైపు ఆయన పాత ఆటగాళ్ళ బొమ్మలు అంటించుకున్నారు. లేవర్, రోజ్‌వాల్, మన కృష్ణన్. క్లబ్బులో ఎవరైనా కొత్త ఆటగాడి పేరెత్తితే చాలు, ఆయన కుర్చీ ముందుకు లాక్కునేవారు.

"లేవర్ ఒకే ఏడాదిలో నాలుగు పెద్ద టైటిళ్ళూ కొట్టాడండీ. ఒకసారి కాదు, రెండుసార్లు. ఈ సాంప్రాస్ ఒక్కసారైనా కొట్టాడా?"

"అప్పుడు నాలుగింట్లో మూడు పచ్చిక మీదే కదండీ" అనేవారు ప్లీడరు సూర్యప్రకాశం గారు. ఎదుటివాడికి కోపం వచ్చేదాకా వాదించడం ఆయన వృత్తి, వినోదమూను. "ఇప్పుడు పచ్చికొకటి, మట్టొకటి, సిమెంటొకటి. మీ లేవర్ ఇప్పుడు వస్తే ఏ గట్టున కూచునేవాడో!"

"మీ సాంప్రాస్ చేతిలో చెక్క పెట్టి చూడండి. అప్పుడు తెలుస్తుంది ఎవరేంటో."

ఈ వాదానికి తీర్పు ఉండదని నాకు తెలుసు. నా తల చిన్నది, బరువు ఎక్కువ. నాతో ఆడేవాడు బంతిని సరిగ్గా నా నడిమధ్య తగిలించాలి, లేకపోతే మోచేయి చెబుతుంది. ఇప్పటి కార్బన్ రాకెట్ తల పెద్దది, తప్పును క్షమిస్తుంది. కానీ దానితో వచ్చే బంతి వేగాన్ని నేను ఎన్నడూ చూసి ఎరగను. ఎవరి కష్టం వారిది. చనిపోయినవాళ్ళను తీసుకొచ్చి బతికున్నవాళ్ళతో ఆడించలేం కనక మనుషులు ఈ పోలిక పెట్టుకుని నిశ్చింతగా ఉంటారు. పద్మనాభం గారు మాత్రం ఆ పోలికను ఇంటికి తెచ్చుకున్నారు.

హైమ కార్బన్ రాకెట్‌తో ఆట నేర్చుకుంది. మేనమామ కొనిపెట్టాడు. బ్యాక్‌హ్యాండ్ రెండు చేతులతో కొట్టేది.

"రెండు చేతులెందుకే? దంచడానికి అదేమన్నా రోకలా?" అనేవారు తండ్రి. "కొట్టినప్పుడల్లా ఆ మూలుగేంటి? పురుడు పోసుకుంటున్నావా?"

కాలేజీ పోటీల్లో కప్పు తెచ్చి బల్ల మీద పెడితే ఆయన దాన్ని తిప్పి చూసి, "ఇది రాకెట్ ఆడింది. నువ్వు కాదు" అన్నారు.

యూనివర్సిటీ పోటీల్లో గెలిచి వచ్చిన రోజున కూడా అదే మాట అన్నారు, ఈసారి క్లబ్బులో, అందరి ఎదుట. హైమకు అప్పటికి పద్దెనిమిదేళ్ళు.

"ఏమాడితే ఒప్పుకుంటారు నాన్నా?" అని అడిగింది.

"చెక్కతో నన్ను గెలు. నెట్ దగ్గరికి వచ్చి నేనే చేయి కలుపుతాను."

ఆ క్లబ్బులో ఒక ఆచారం ఉంది. నెట్ దగ్గర ఇద్దరూ చేతులు కలిపేదాకా ఆట అయినట్టు కాదు. అప్పటిదాకా నల్లబల్ల మీద రాసిన స్కోరు చెరపరు. అందుకని ఆయన అన్నది చిన్న మాట కాదని అందరికీ తెలుసు. ఆ పిల్లకు ఇంకా బాగా తెలుసు. పుట్టాక ఆయన ఆమెను ఆటగత్తె అని ఒక్కసారీ అనలేదు.

ఆదివారం ఆట పెట్టారు. టీలు చెప్పుకుని సభ్యులు కుర్చీలు వేసుకున్నారు. పద్మనాభం గారు నా తోబుట్టువును ప్రెస్ నుంచి విప్పి తీశారు. అది గీత గీసినట్టు తిన్నగా ఉంది. నన్ను గోడ మీంచి తీసి కూతురి చేతికిచ్చారు.

"వంగిపోయిందండీ ఇది!" అన్నారు సూర్యప్రకాశం గారు.

"వంచింది ఆవిడే. ఆడమనండి."

హైమ నన్ను కంటికి ఎదురుగా పెట్టి అంచు వెంట చూసింది. చూడనక్కర్లేదు. ఎనిమిదేళ్ళు నన్ను చూస్తూ చదువుకున్న పిల్ల. ఒక ముఖంతో కొడితే బంతి అనుకున్నదానికంటే కుడికి పోతుంది, రెండో ముఖంతో కొడితే ఎడమకు. ఎటు పోతుందో ఆమెకు ముందే తెలుసు. ఎంత పోతుందో మొదటి గేములో తెలుసుకుంది. ఆ గేము ఓడింది. తరవాతిదీ ఓడింది. కుర్చీల్లో నవ్వులు మొదలయ్యాయి.

మూడో గేము నుంచి నన్ను దెబ్బదెబ్బకీ అరచేతిలో తిప్పుకోవడం మొదలుపెట్టింది. ఆమె భుజం తిరిగిన వైపు చూసి ఆయన పరుగెత్తేవారు. బంతి ఇంకో వైపు పడేది. యాభై దాటిన మనిషి, నున్నగా ఇస్త్రీ చేసిన తెల్లప్యాంటు మోకాళ్ళ దగ్గర ఎర్రమట్టి. ఆమె కావాలనే ఆయన్ను ఆ మూల నుంచి ఈ మూలకు తిప్పింది. ముగించగల బంతిని కూడా ముగించకుండా ఇంకోసారి తిప్పింది. అది నేను నా తీగల మీద ఎరుగుదును. మూలగనైనా మూలగలేదు.

ఆరు–నాలుగు, హైమ గెలిచింది. నల్లబల్ల మీద రాశారు.

హైమ నెట్ దగ్గరికి వచ్చి కుడిచేయి చాపింది.

పద్మనాభం గారు తమ కుర్చీ దగ్గరికి వెళ్ళారు. రాకెట్‌ను తువ్వాలుతో తుడిచారు. ప్రెస్‌లో పెట్టి ఒక నట్టు బిగించారు. తరవాత రెండోది. ఆమె చేయి అలాగే ఉంది. నాలుగూ బిగించాక అటు తిరగకుండానే అన్నారు.

"ఆ వంకర రాకెట్ ఆడింది. నువ్వు కాదు."

"ఆ వంకర రాకెట్ ఇచ్చిందెవరండీ మేస్టారూ?" అని సూర్యప్రకాశం గారు అరిచారు. అందరూ నవ్వారు. అంతకుముందు ఆ పిల్లను చూసి నవ్వినవాళ్ళే. ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయారు. స్కోరు ఎవరూ చెరపలేదు. తరవాత వాన చెరిపింది.

హైమ ఆటల టీచరై విశాఖపట్నం వెళ్ళింది. నన్నూ తీసుకెళ్ళి తన బల్ల ఎదురుగానే తగిలించుకుంది. ఎందుకో నాకు చెప్పలేదు. చేయి కలపకుండా కోర్టు దాటిన పిల్లలను వెనక్కి పంపేదని మాత్రం విన్నాను.

చాలా ఏళ్ళకు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. హైమ సెలవు పెట్టి, నన్ను బట్టల మధ్య చుట్టుకుని కాకినాడ వచ్చింది. ఆయన మంచం ఎదుట గోడకు నన్ను తగిలించింది. అన్నం పెట్టింది, ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది. పగలంతా టీవీలో టెన్నిస్ పెట్టేది. ఫెదరర్, నడాల్ ఆడుతుంటే ఆయన మాట ముద్దగా వచ్చేది.

"వీళ్ళకి... చెక్క ఇస్తే..."

"నేర్చుకుంటారు నాన్నా."

ఒక మధ్యాహ్నం ఆట అయిపోయి, తెర మీద ఇద్దరు ఆటగాళ్ళు నెట్ దగ్గర చేతులు కలిపారు. పద్మనాభం గారు అది చూసి, మెల్లగా తల కూతురివైపు తిప్పారు. కదిలే చేయి ఎడమది ఒక్కటే. దాన్ని మంచం మీంచి ఆమెవైపు చాపారు. వేళ్ళు విప్పి ఉన్నాయి. ఆ చేయి ఏమడుగుతోందో గోడనున్న నాకు అర్థమైంది. ఆమెకు అర్థం కాకుండా ఎలా ఉంటుంది?

హైమ ఆ చేతిని చూసింది. బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు తీసి ఆ చేతిలో పెట్టింది.

"తాగండి నాన్నా" అంది.

ఆయనకు దాహం లేదు. తాగారు.

ఆ వారంలోనే పోయారు. క్లబ్బువాళ్ళు వచ్చి, ఆయన చాంపియన్‌గా ఆడిన రోజులకు గుర్తుగా ఒక రాకెట్‌ను అద్దాల బీరువాలో పెడతామంటే, హైమ తిన్నగా ఉన్న నా తోబుట్టువును ఇచ్చింది. ప్రెస్ ఇవ్వలేదు. అందరూ వెళ్ళాక నన్ను గోడ మీంచి తీసి, ఆ ప్రెస్‌లో పెట్టి బిగించసాగింది. మూడో నట్టు దగ్గర నా మెడలో చిన్న చప్పుడైంది. ఆమె ఆగిపోయింది. నట్లన్నీ వదులు చేసి, చాలాసేపు నన్ను ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఏడవలేదు. కుడిచేతిని చూసుకుంది.

ఇప్పుడు నేను మళ్ళీ ఆమె బల్ల ఎదుట ఉన్నాను. వంపు అలాగే ఉంది. మెడలో బీట ఉంది. ఆ ఆదివారం ఆటకు ఇంకా ఎవరూ చేయి కలపలేదు.