శుభ్రం కడిగిన గుడి

పన్ను పీకిన చోట మేస్త్రికి ఇంకా దూది ఉంది. రెండు రోజులు నోరు తెరవొద్దన్నాడు డాక్టరు. పాపం, ఈయనకో బావమరిది ఉన్నాడని డాక్టరుకేం తెలుసు!

ఆ బావమరిదిని అందరూ శుభ్రం అంటారు. టీ తాగే ముందు గ్లాసు రెండుసార్లు కడుగుతాడు, తాగాక మూడుసార్లు. చేతులు కడుక్కున్న సబ్బుని కూడా కడిగి లోపల పెట్టే రకం.

వెయ్యేళ్ళ నాటి రాతి గుడి అది. ముందు మండపంలో ఏనుగు బొమ్మ చెక్కిన స్తంభం ఉన్న మూల కుంగిపోతుంటే, మండపం మొత్తం విప్పి మళ్ళీ నిలబెట్టే పని మేస్త్రికి దక్కింది. నలభై ఏళ్ళ కిందట ఆ మండపం స్తంభాలు ఎత్తి మరమ్మతు చేసింది ఆయన నాన్నే. "మా నాన్న చెయ్యి పడ్డ గుడి" అని మేస్త్రి చెప్పుకోని మనిషి లేడు. పని అయ్యేదాకా దేవుణ్ణి రేకుల షెడ్డులో ఉంచారు.

"ఒక్క రాయి తారుమారైనా కుదరదు నాయనా," అని పూజారి ముందే చెప్పాడు. "గుడంటే ఒళ్ళు. పీఠం పాదాలు, స్తంభాలు కాళ్ళు, శిఖరం తల. గర్భగుడిలో దీపం ప్రాణం."

రాళ్ళకి పెయింటుతో అంకెలేస్తానంటే, దేవుడి ఒంటికి పెయింటేంటని అడ్డుపడిందీ ఆయనే. అందుకని నాలుగు వందల పన్నెండు రాళ్ళకీ సుద్దముక్కతో అంకెలు పడ్డాయి. ఏ అంకె ఎక్కడికో కాగితం మీద ఉంది. రాళ్ళ మీద టార్పాలిను కప్పారు. కాపలాకి శుభ్రాన్ని పెట్టారు.

దూదితో తిరిగొచ్చిన మేస్త్రికి టార్పాలిను నీటుగా మడతపెట్టి కనిపించింది. రాళ్ళు తళతళలాడుతున్నాయి. అంకెలు లేవు.

"ఎలా ఉంది బావా?" అన్నాడు శుభ్రం, ఒక చేత్తో నీళ్ళ పైపు, ఇంకో చేత్తో పీచు. "మూడొందలయ్యాయి. దేవుడి రాళ్ళ మీద ఆ పిచ్చిగీతలేంటని..."

"ఒఏయ్!" దూది అడ్డంపడి 'రే' బయటికి రాలేదు. "నీ ఒళు..."

"నా ఒళ్ళా? నా ఒళ్ళు బానే ఉంది బావా. నీ బుగ్గే బంతిలా ఉంది."

మేస్త్రి దూది ఉమ్మేశాడు. రక్తం, తిట్లు కలిసి వచ్చాయి.

"చెయ్యేదో కాలేదో ఇప్పుడు చెప్పరా! మనిషిని కీలుకి కీలు విప్పి కుప్ప పోసినట్టుంది! వారంలో దేవుణ్ణి ఇంట్లో కూర్చోబెడతానని పూజారికి మాటిచ్చాను. మీ అక్క మొహం చూసి నీకు పనిచ్చానే, నన్ననాలి!"

"అక్కని మధ్యలోకి లాగకు బావా."

"లాగేది అక్కని కాదురా, నీ నాలుక!"

అని పైపు లాక్కుని, ఉలి పెట్టి ముక్కలు ముక్కలుగా నరికాడు. నరికేకొద్దీ కోపం తగ్గాలి కదా, పెరిగింది. పక్కనున్న దుంగని ఎగిరి తన్నాడు. దుంగ కదల్లేదు, బొటనవేలు కదిలింది.

కాలు పట్టుకుని కూలబడితే, సరిగ్గా ముక్కుకి ఎదురుగా, పడుకోబెట్టిన సింహం స్తంభం అడుగుభాగం. పాత సున్నమంతా పోయి, రాతిలో ఉలితో గీసిన పిట్ట బయటపడింది.

కుంటుకుంటూ ఏనుగు స్తంభం దగ్గరికెళ్ళాడు. దాని అడుగున చేప. దూలాల దగ్గరికెళ్ళాడు. పై రాయికి ఏ గుర్తుంటే కింద రాయికీ అదే. పాము మీద పాము, చంద్రుడి మీద చంద్రుడు. అప్పటి మేస్త్రీలు కంటికి కనపడని అతుకుల్లో తమ అంకెలు తాము వేసుకున్నారు. పీచు పెట్టి రుద్దితే గానీ అవి బయటికి రాలేదు.

సంతోషించాల్సిన మాటే. కానీ మేస్త్రికి ఒళ్ళు ఇంకా మండింది. ఈ వెధవ మేలు చేశాడని ఒప్పుకోవాలా ఇప్పుడు?

గొడవ విని పూజారి వచ్చాడు. మేస్త్రి ఆయనకి గుర్తులు చూపించాడు. శుభ్రం అప్పటికే రుద్ది కడిగేసిన, నేలలో ఉన్న పీఠాల మీదికి వంగి చూసి, "మేస్త్రీ, సింహం నిలబడ్డ పీఠం మీద చేప ఉందేంటి?" అన్నాడు.

ఏనుగు నిలబడ్డ పీఠం మీద పిట్ట ఉంది.

మేస్త్రి టేపు తీసి కొలిచాడు. ఏనుగు స్తంభం రెండు వేళ్ళు పొట్టి. దాని కోసమే చేప పీఠాన్ని రెండు వేళ్ళు ఎత్తుగా చెక్కారు. రెండు స్తంభాలూ ఎవరో తారుమారు చేసి నిలబెట్టారు, ఏనుగు మూల కుంగింది. ఆ ఎవరో ఎవరన్నది ముగ్గురికీ తెలుసు.

"పాపం స్వామి," అన్నాడు పూజారి, "నలభై ఏళ్ళు కాళ్ళు మార్చుకుని నిలబడ్డాడు."

శుభ్రం నోరు తెరిచాడు.

"మాట్లాడావంటే చంపేస్తా!"

"నేనేమన్నాను బావా? మీ నాన్న చెయ్యి పడ్డ గుడి కదా అని..."

మేస్త్రికి కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాన్న పోయి పదేళ్ళు. వీడేమో తప్పు చేసి కూడా ఒప్పయిపోయాడు. చిగురు సలుపుతోంది, వేలు సలుపుతోంది. చేతిలో కాగితం నలిపి పారేశాడు. సుద్ద అంకెలు ఉండుంటే, ఆ కాగితం చూసి నాన్న తప్పునే పొల్లుపోకుండా మళ్ళీ నిలబెట్టేవాడు.

"మిగతా నూట పన్నెండూ కడుగు!" అని అరిచాడు.

"దేంతో?" అని శుభ్రం పైపు ముక్కలు చూపించాడు.

కుళాయి వీధి మలుపులో ఉంది. రెండు చేతుల్లో రెండు బకెట్లతో మేస్త్రి కుంటుతూ తిరుగుతున్నాడు, దారి పొడుగునా తిడుతూ. ఎవర్నని ఎవరూ అడగలేదు. శుభ్రం మాత్రం రాతి పక్కన బాసింపట్టు వేసుక్కూర్చుని, తల ఎత్తకుండా అన్నాడు:

"ఇంకోటి బావా. ఈసారి బకెట్టు కడిగి పట్టుకురా."